పరాయి దేశపు సముద్రం ఒడ్డున ఇల్లు: కొన్ని అనుభవ పాఠాలు

హ్యూస్టన్‌లో మన వాళ్ల పన్ను లెక్కలు చూస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఆ లెక్కల్లోకి ఒక దశలో మెక్సికో ఇళ్లు రావడం మొదలైంది. రెండు గంటల విమాన ప్రయాణం, నీలి సముద్రం, అమెరికా తీరంలో కంటే తక్కువ ధర. కాన్‌కూన్ నుంచి తులూమ్ దాకా ఉన్న కరీబియన్ తీరానికి సెలవులకు వెళ్లినవాళ్లు అడ్వాన్సు ఇచ్చి తిరిగొచ్చేవారు. నేనూ ప్లాయా దెల్ కార్మెన్‌లో ఒక అపార్ట్‌మెంటు కొన్నాను, కొన్నేళ్లు ఉంచుకుని అమ్మేశాను. ఆ కొనుగోలులోనూ, ఇతరుల కాగితాలు చదవడంలోనూ నేర్చుకున్నది ఈ తరం పిల్లల కోసం రాస్తున్నాను. సముద్రం ఒడ్డున ఇల్లు వద్దని చెప్పడానికి కాదు. ఆ ఇంటి కింద ఉన్న హక్కు ఎవరిదో తెలుసుకున్నాకే డబ్బు తీయమని చెప్పడానికి.

1. సముద్రాన్ని చూసే ముందు ఆ దేశపు రాజ్యాంగాన్ని చూడండి.

మెక్సికో రాజ్యాంగం 1917 నాటిది. అందులోని 27వ అధికరణం ప్రకారం తీరం నుంచి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపు నేల మీద విదేశీయులకు నేరుగా యాజమాన్యం ఉండదు. మొదట విన్నప్పుడు నాకిది పాతకాలపు అనుమానంలా అనిపించింది. తర్వాత ఆ దేశ చరిత్ర చదివాను. నేను ఇల్లు కట్టుకుని పిల్లల్ని పెంచిన టెక్సాస్ ఒకప్పుడు మెక్సికోదే. బయటి నుంచి వచ్చి భూములు పొంది స్థిరపడినవాళ్లు 1836లో దాన్ని వేరు చేశారు. 1846-48 యుద్ధంలో ఉత్తరాన ఉన్న విశాలమైన భూభాగం కూడా పోయింది. అంత పోగొట్టుకున్న జాతి తన తీరాన్నీ సరిహద్దునూ పరాయివాళ్ల పేరున రాయడానికి వెనకాడడంలో న్యాయం ఉంది. ఆ చట్టాన్ని గౌరవించి కొనేవాడికి ఒక దారి కూడా ఉంచారు. దాని పేరు ఫిదైకోమీసో.

ఇది బ్యాంకు ట్రస్టు. విదేశాంగ శాఖ అనుమతితో మెక్సికోలోని ఒక బ్యాంకు ట్రస్టీగా యాజమాన్యాన్ని తన పేరున ఉంచుకుంటుంది. మనం లబ్ధిదారులం. అందులో ఉండవచ్చు, అద్దెకివ్వవచ్చు, అమ్మవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. బ్యాంకుకు ఏటా రుసుము కట్టాలి. 1993 నాటి విదేశీ పెట్టుబడుల చట్టం ఈ ట్రస్టు గడువును 50 ఏళ్లు చేసింది, కోరితే పొడిగిస్తారు. అంతకు ముందు రాసినవి 30 ఏళ్లవి. కాబట్టి అమ్మేవాడి పాత ట్రస్టునే మీ పేరుకు మార్చుకుంటుంటే గడువు ఎంత మిగిలిందో, బ్యాంకు రుసుము బాకీలున్నాయో అడగండి. కంపెనీ పెట్టి నేరుగా కొనవచ్చని కొందరు ఏజెంట్లు చెబుతారు. ఆ వెసులుబాటు వ్యాపార అవసరాల ఆస్తికే గాని, మీరు కాపురముండే ఇంటికి లేదు. ‘చట్టం రేపోమాపో మారుతుంది’ అన్న మాట కూడా వింటారు. 2013లో అక్కడి దిగువ సభ ఇళ్ల వరకు ఈ నిషేధాన్ని సడలించే సవరణకు ఓటు వేసింది. సెనేట్‌లో అది ఆగిపోయింది. మారబోయే చట్టాన్ని నమ్మి ఇవాళ సంతకం పెట్టకూడదు.

2. ఇంకొకరి పేరున కొన్న ఇల్లు ఇంకొకరిదే.

బ్యాంకు రుసుము దండగని, ‘నమ్మకమైన’ స్థానికుడి పేరున రాయించుకుని పక్కన ఒక ప్రైవేటు ఒప్పందం పెట్టుకునేవాళ్లను చూశాను. మనకు ఈ పద్ధతి కొత్త కాదు. బినామీ లావాదేవీల మీద మన దేశంలో 1988లోనే చట్టం వచ్చింది, 2016లో దాన్ని మరింత కఠినం చేశారు. మెక్సికోలోనూ ఆ చాటు ఒప్పందాన్ని కోర్టులో నిలబెట్టడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే రాజ్యాంగ నిషేధాన్ని తప్పించుకోవడానికే అది పుట్టింది. నాకు తెలిసిన ఒకాయన ఇల్లు ఆ ఇంటిని చూసుకునే మనిషి పేరున ఉండేది. ఆ మనిషి మంచివాడే, మాట తప్పలేదు. కానీ చనిపోయాడు. అతని పిల్లలకు ఇల్లు వారసత్వంగా వచ్చింది. వాళ్లు ఏ అబద్ధమూ ఆడనవసరం లేకపోయింది, కాగితం వాళ్ల పక్షానే ఉంది.

3. కాగితం ఎంత తెల్లగా ఉన్నా, నేల పుట్టుక అడగండి.

తీరప్రాంతంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఎహీదో భూమి. 1910 విప్లవం తర్వాత జమీందారీ ఎస్టేట్లను పంచి గ్రామ సమూహాలకు ఉమ్మడిగా సాగు చేసుకోమని ఇచ్చిన నేల ఇది. 1992 దాకా దాన్ని అమ్మడానికి వీలే లేదు. ఆ ఏడాది రాజ్యాంగాన్ని సవరించి, కొత్త వ్యవసాయ భూముల చట్టం తెచ్చి, కొన్ని షరతుల మీద ప్రైవేటు పట్టాగా మార్చుకునే వీలు కల్పించారు. ఎహీదో సభ ఆమోదించాలి. జాతీయ వ్యవసాయ రిజిస్ట్రీలో పాత నమోదు రద్దు కావాలి. పూర్తి యాజమాన్యపు పట్టా పుట్టాలి. అది పబ్లిక్ రిజిస్ట్రీకి ఎక్కాలి. ఆ తర్వాత జరిగే మొదటి అమ్మకంలో కుటుంబ సభ్యులకు, ఎహీదో సభ్యులకు ముందుగా కొనే హక్కు ఉంటుంది. వాళ్లకు నోటీసు ఇవ్వకుండా అమ్మితే ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు.

తెలుగువాళ్లకు ఇది ఇంకా సులువుగా అర్థం కావాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని కొంటే చెల్లదని మన పల్లెల్లో చదువురాని రైతు కూడా చెబుతాడు. 1977 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది. అయినా మన ఊళ్లో అలాంటి భూమికిచ్చే డీ-పట్టా అంటే ఆమడ దూరం నిలబడే మనిషి, తులూమ్ అడవిలో చౌకగా వస్తున్న స్థలం ముందు ఆ జాగ్రత్తంతా మరిచిపోవడం నేను చూశాను. అమ్మకందారు ఒక ధ్రువపత్రం చూపిస్తాడు. దాని మీద ముద్రలుంటాయి, సభాధ్యక్షుడి సంతకం ఉంటుంది. అది సాగు హక్కు బదిలీకి సంబంధించిన కాగితమో, పూర్తి పట్టానో స్పానిష్ రానివాడికి తేడా తెలియదు. తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘ఇది పబ్లిక్ రిజిస్ట్రీలో ఏ నంబరు కింద నమోదైంది?’ సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆగండి.

ఆగకపోతే ఏమవుతుందో పుంతా బాందా చెబుతుంది. కాలిఫోర్నియాకు దిగువన, ఎన్సెనాదా దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఇసుక నాలుక అది. అక్కడి ఎహీదో నుంచి లీజు మీద స్థలాలు తీసుకుని చాలామంది అమెరికన్లు, ఎక్కువగా ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, ఇళ్లు కట్టుకున్నారు. ఆ నేల అంతకు ముందు నుంచీ ఉన్న ప్రైవేటు యజమానులదని, ఎహీదోకు దాని మీద హక్కు లేదని మెక్సికో సుప్రీంకోర్టు తేల్చింది. 2000 అక్టోబరులో ఆ తీర్పును అమలు చేసి ఇళ్లు ఖాళీ చేయించారు. ఇళ్లు కట్టుకున్నవాళ్లు మోసగాళ్లు కారు. అద్దె బాకీ పడలేదు. ఇచ్చినవాడికే హక్కు లేనప్పుడు పుచ్చుకున్నవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? 2016 జూన్‌లో తులూమ్ బీచ్ రోడ్డు వెంట కూడా భూ వివాదంలో హోటళ్లను, ఇళ్లను ఒక్క రోజులో పోలీసుల పహరాలో ఖాళీ చేయించారు. టైటిల్ చూడడం అంటే ఇప్పటి యజమాని పేరు చూడడం ఒక్కటే అనుకోవద్దు. మన దగ్గర లింకు డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి చదివినట్టే, అక్కడా ఆ నేల మొదట ప్రైవేటు చేతికి ఎలా వచ్చిందో అక్కడి దాకా వెళ్లాలి.

4. ఇసుక ఎవ్వరిదీ కాదు.

‘బీచ్‌తో సహా’ అని బ్రోషర్లో రాస్తారు. మెక్సికోలో బీచ్ దేశ ప్రజల ఆస్తి. ఎత్తైన పోటు గీత నుంచి లోపలికి 20 మీటర్ల మేర ఉన్న పట్టీ సమాఖ్య ప్రభుత్వానిది. ఏ పట్టా అందులోకి చేరదు, ఏ ట్రస్టూ దాన్ని కలుపుకోలేదు. అక్కడ గొడుగులు వేయాలన్నా, చెక్క మెట్లు కట్టాలన్నా పర్యావరణ మంత్రిత్వ శాఖ నుంచి విడిగా కన్సెషన్, అంటే వాడుకునే అనుమతి, తీసుకోవాలి, ఏటా రుసుము కట్టాలి. కాబట్టి ఇల్లు కొనేటప్పుడు ముందరి పట్టీకి కన్సెషన్ ఉందా, అది ఎవరి పేరున ఉంది, బాకీలున్నాయా, మీ పేరుకు మారుతుందా అని అడగాలి. ఈత కొలను సగం ఆ పట్టీలోనే ఉన్న ఇళ్లు ఉన్నాయి. సర్వే చేయించకుండా అది కంటికి తెలియదు.

నేను కాకినాడ వైపు మనిషిని. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లనూ రోడ్డునూ తినేయడం చూస్తూ పెరిగినవాళ్లకు గీత కదులుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. మెక్సికో చట్టం ఈ కదలికను కూడా ముందే ఊహించింది. సముద్రం లోపలికి వస్తే ఆ 20 మీటర్ల పట్టీ కూడా లోపలికి జరుగుతుంది. మీ ప్రైవేటు స్థలంలో ఎంత భాగం ఆ పట్టీలో పడితే అంత భాగం ప్రభుత్వ ఆస్తి అయిపోతుంది. దాన్ని కన్సెషన్‌గా పొందడంలో మీకు ప్రాధాన్యం ఇస్తారు, అంతే. 2005లో విల్మా తుపాను కాన్‌కూన్ బీచ్ ఇసుకను కోసుకుపోయింది. ఆ తర్వాత కోట్లు పెట్టి ఇసుక తెచ్చి పోశారు. కొలతలు పదేళ్ల కిందటివైతే మళ్లీ కొలిపించండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. తీరానికి దారి మూసేసిన ఆస్తిదారులకు జరిమానా వేసేలా 2020లో చట్టాన్ని సవరించారు. గేటు పెట్టి జాలరిని ఆపాలనుకునేవాడు ఆ తీరానికి వెళ్లకపోవడమే మంచిది. ఆ ఇసుక మీద ఆ జాలరి తాత వల ఆరేశాడు.

5. అక్కడి నోటరీకి అధికారం ఎక్కువ, కానీ అతను మీ లాయరు కాడు.

మన కోర్టు ఆవరణలో స్టాంపు వేసే నోటరీని ఊహించుకుని వెళ్లకండి. మెక్సికోలో నోటరీ అంటే రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సీనియర్ న్యాయవాది. ఆయన ముందు రాయనిదే దస్తావేజు చెల్లదు. పన్నులు లెక్కగట్టి వసూలు చేసేదీ ఆయనే. ఆస్తి మీద అప్పులు, తాకట్లు లేవన్న ధ్రువపత్రం, అంటే మన ఈసీ లాంటిది, తెప్పించేదీ ఆయనే. ఆ పత్రం అడుగుతూ రిజిస్ట్రీకి ముందస్తు నోటీసు పంపితే, కొన్నాళ్లపాటు ఆ ఆస్తి మీద మరొకరు హక్కు నమోదు చేయించుకోవడానికి అడ్డు పడుతుంది. ఇది మంచి రక్షణ, తప్పక అడిగి చేయించుకోండి.

అయినా నోటరీ ఇరుపక్షాలకూ సమానం. ఒప్పందంలో మీకు నష్టం చేసే షరతు ఉంటే అడ్డు చెప్పడం ఆయన పని కాదు. నేను నోటరీ ఉన్నాడు కదా అని వేరే లాయరును పెట్టుకోలేదు. అమ్మేవాళ్ల తరఫు మనిషే నాకు అనువాదం చేసి వినిపించాడు. ఆస్తి అప్పగింత ఆలస్యమైతే నాకేం దక్కుతుందో ఆ ఒప్పందంలో ఒక్క వాక్యం లేదని తర్వాత తెలిసింది. మీ డబ్బుతో మీరు పెట్టుకున్న, అమ్మేవాడితో ఏ బంధమూ లేని లాయరు కావాలి. కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకుడు కావాలి. ఏజెంటు సలహా ఈ రెంటికీ బదులు కాదు. అక్కడ రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు దేశమంతటికీ వర్తించే లైసెన్సు చట్టమే లేదు.

6. తగ్గించి రాసిన ధర అమ్మేనాడు బయటపడుతుంది.

తెలుగునాట ఇల్లు కొన్నవారికి వివరించాల్సిన పని లేదు: ఇచ్చేది ఒకటి, రిజిస్ట్రేషన్‌లో రాసేది ఇంకొకటి. మెక్సికోలోనూ అదే ప్రలోభం పెడతారు. కొనుగోలు పన్ను తగ్గుతుందని మీకు, లాభం మీద పన్ను తగ్గుతుందని అమ్మేవాడికి. నేను ఒప్పుకున్నాను. లెక్కలు చూసే వృత్తిలో ఉండి ఒప్పుకున్నందుకు ఈనాటికీ బాధపడతాను.

ఉదాహరణకు ఈ లెక్క చూడండి. 2 లక్షల డాలర్లకు కొని దస్తావేజులో 1 లక్షా 20 వేలు రాయించారనుకుందాం. కొన్నేళ్లకు 2 లక్షల 60 వేలకు అమ్మారు. నిజంగా వచ్చిన లాభం 60 వేలు. కాగితం మీద లాభం 1 లక్షా 40 వేలు. ఆ దేశంలో నివాసి కాని అమ్మకందారు లాభం మీద 35 శాతమైనా కట్టాలి, మొత్తం అమ్మకపు ధర మీద 25 శాతమైనా కట్టాలి. మినహాయింపులు పక్కన పెడితే, 21 వేలతో పోవాల్సింది 49 వేలవుతుంది. మొదట్లో మిగిలిందనుకున్నది కొన్ని వేలే. మీ తర్వాత కొనేవాడు తక్కువ రాయడానికి ఒప్పుకుంటాడనే ఆశ కూడా పెట్టుకోవద్దు. మనీలాండరింగ్ మీద 2013లో అమల్లోకి వచ్చిన చట్టం ఒక పరిమితి దాటిన నగదుతో ఆస్తి కొనడాన్నే నిషేధించింది. నిజమైన ధర రాయించండి. ఇంటికి చేయించిన పెద్ద పనులకు పన్ను ఇన్‌వాయిస్ తీసుకుని దాచండి, అమ్మేటప్పుడు లాభంలోంచి తీసేసేది వాటినే.

7. పునాది పడని ఇంటికి నమ్మకం మీద డబ్బు కట్టవద్దు.

నిర్మాణానికి ముందే అమ్మే అపార్ట్‌మెంట్లలో ధర తక్కువ, ఆశ ఎక్కువ. స్థలం బిల్డరు పేరునే ఉందా, కాండోమినియం నమోదు జరిగిందా, నిర్మాణ అనుమతి ఉందా అని చూసేవాళ్లు ఉన్నారు గాని, పర్యావరణ అనుమతి అడిగేవాళ్లు తక్కువ. తీరంలో కట్టే ప్రాజెక్టుకు 1988 నాటి పర్యావరణ చట్టం కింద ప్రభావ అధ్యయనం ఆమోదం పొందాలి. మడ అడవిని నరకడం, పూడ్చడం 2007 నుంచి నిషిద్ధం. ఈ నియమాలు మీరిన చోట అధికారులు పని ఆపించి ముద్ర అంటిస్తారు. అప్పుడు ఆగిపోయేది మీ వాయిదాల సొమ్ముతో లేచిన గోడ. అడ్వాన్సు బిల్డరు ఖాతాలోకి పంపకుండా మూడో పక్షం దగ్గర ఎస్క్రోలో ఉంచమనండి. కాదన్న బిల్డరును వదిలేయండి.

8. మీ దేశపు చట్టం మీ వెంటే వస్తుంది.

హైదరాబాద్, విజయవాడల్లో ఉంటూ బయటి దేశంలో ఇల్లు చూస్తున్న పిల్లలు కూడా నన్ను అడుగుతున్నారు. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2 లక్షల 50 వేల డాలర్ల దాకా బ్యాంకు ద్వారా పంపవచ్చు, ఆ డబ్బుతో ఆస్తి కొనవచ్చు. హవాలా దారిన పంపితే ఆ ఇల్లు జన్మలో మీదని చెప్పుకోలేరు. కొన్నాక ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. దాచినందుకు 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లు మెక్సికో ఇంటి అద్దెను అమెరికా రిటర్నులో చూపాలి. ఫిదైకోమీసో విదేశీ ట్రస్టు అవుతుందా అని ఒకప్పుడు మా వృత్తిలో పెద్ద గుబులుండేది. మామూలు ఇంటి ఫిదైకోమీసోను పన్ను లెక్కలో ట్రస్టుగా చూడనక్కర్లేదని 2013లో అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ చెప్పింది. మీ ట్రస్టు బ్యాంకు చేత ఇంకే పనీ చేయించకుండా ఉంటేనే ఆ మాట వర్తిస్తుంది, అది మీ అకౌంటెంటుకు చూపించండి.

9. మీ తర్వాత ఎవరో, కొన్న రోజే రాయించండి.

ఫిదైకోమీసోలో గొప్ప సౌకర్యం ఒకటుంది. లబ్ధిదారు పోతే హక్కు ఎవరికి వెళ్లాలో ట్రస్టు దస్తావేజులోనే ప్రత్యామ్నాయ లబ్ధిదారుల పేర్లు రాయించవచ్చు. అలా రాస్తే మరణ ధ్రువపత్రం, గుర్తింపు కాగితాలు బ్యాంకుకు ఇచ్చి పేరు మార్పించుకోవచ్చు, మెక్సికో కోర్టులో వారసత్వపు కేసు అక్కర్లేదు. ఇంత ఉపయోగమున్న ఆ వాక్యాన్ని ఖాళీగా వదిలేసినవాళ్లు ఎంతమందో.

నా మిత్రుడొకరు ఒక్కడి పేరున కొన్నాడు. భార్య పేరు తర్వాత చేర్పిస్తానన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు, గుండెపోటు ముందు వచ్చింది. అతని భార్య ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, ‘అన్నయ్యగారూ, ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించండి’ అని అడిగింది. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమెరికాలో రాసిన వీలునామాకు అపోస్టిల్ వేయించి, స్పానిష్‌లోకి అధికారిక అనువాదం చేయించి, అక్కడి కోర్టులో నడిపించడానికి ఆమె ఏళ్లు తిరిగింది. ఈలోగా బ్యాంకు రుసుము, ఆస్తి పన్ను, మెయింటెనెన్స్ ఆగలేదు. ఏటా అతని పన్ను కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. ట్రస్టు దస్తావేజు చూపించమని ఒక్కసారి అడిగి ఉంటే ఆ ఖాళీ నాకు కనబడేది. అడగలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు మీలో ఉంటే, ఇది చదవడం అవగానే బీరువాలోంచి ఆ దస్తావేజు తీయండి. ప్రత్యామ్నాయ లబ్ధిదారు అన్న చోట ఎవరి పేరుందో చూడండి. ఖాళీగా ఉంటే రేపు ఉదయం బ్యాంకు ట్రస్టు విభాగానికి ఉత్తరం రాయండి.